ట్రిప్ షీటు మీది సంతకం

హెయిర్ క్లిప్పు ఒకటి, సెంటు రబ్బర్లు రెండు, స్కెచ్ పెన్నుల డబ్బా ఒకటి. చిన్నప్పుడు మొత్తం నాలుగు పోగొట్టుకున్నాను. ఇవాళ శంషాబాద్‌లో క్యాబ్ దిగి ట్రిప్ షీటు మీద సంతకం పెడుతుంటే గుర్తొచ్చాయి.

మా చిన్నాయన ఎయిర్‌పోర్టులో కారు నడిపేవాడు. ఆయన కారెక్కిన హీరోయిన్లు, క్రికెటర్లు షీట్ల మీద పెట్టిన సంతకాల కార్బన్ కాపీలను కత్తిరించి, ఆయన కూతురు లావణ్య ఆటోగ్రాఫ్ పుస్తకంలో అతికించుకునేది. బడిలో అందరూ దాని చుట్టే. నాకు కడుపు మండిపోయేది.

"ఒక్కటియ్యవే," అన్నాను.

"ఏమిస్తవ్?"

ఆ నాలుగూ ఇచ్చాను. నెల గడిచినా సంతకం రాలేదు. అడిగితే, "మీ బాపును గూడ కారు నడపుమను, పో!" అంది.

నా ఏడుపు చూసి చిన్నాయన ఖాళీ షీటు మీద తన పేరు పెద్దగా రాసిచ్చాడు. "గా పెద్దోళ్లందర్ని తోల్కొచ్చింది నేనే గద బిడ్డా!"

పేరున్నవాళ్లదే కావాలని దాన్ని అక్కడే వదిలేసి వచ్చాను.

చిన్నాయన ఇప్పుడు లేడు. ఆయన సంతకంతో కలిపి పోయినవి నాలుగు కాదు, ఐదు. లావణ్య బాకీ మాత్రం ఇంకా ఒకటే.