చూడకుండా పంపిన బిల్డ్

నిన్న ఆఫీసులో ఎవరి కంప్యూటరో తప్పు దొర్లినట్టు టంగుమని మోగింది. సూరత్‌లో నా మొదటి ఉద్యోగం, రాజేశం సార్ గుర్తొచ్చారు. సిరిసిల్ల నుంచి వలసొచ్చిన మగ్గాల కుటుంబంలో పుట్టి, కంప్యూటర్లు నేర్చుకుని, చిన్న ఆఫీసు పెట్టిన మనిషి ఆయన. మా నాన్న ఆ ఊళ్లోనే వడోద్ అనే పేటలో ఉంటూ పవర్‌లూమ్ నడిపేవాడు. ఒకే ప్రోగ్రాం విండోస్, యూనిక్స్ అనే రెండు రకాల కంప్యూటర్లలోనూ నడిచేలా చేసే ఫ్రేమ్‌వర్క్ మాది. కోడ్‌నంతా కూర్చి ప్రోగ్రాంగా తయారుచేసే బిల్డ్ స్క్రిప్టులు, తెర మీద 'చెరిపేయాలా, వద్దా' అని అడిగే డైలాగ్ బాక్సులు నా బాధ్యత.

ఒక వానాకాలం, బిల్డ్ త్వరగా అవుతుందని స్క్రిప్టు మార్చాను. యూనిక్స్‌లో చూశాను, బాగానే ఉంది. విండోస్‌లో చూడకుండా పంపేశాను. వారానికి, మా ప్రోగ్రాం వాడే ఒక మిల్లు నుంచి, సూరత్ శివారు ఉన్ నుంచి, ఫోనొచ్చింది. అక్కడ చీరల డిజైన్లు గీసే నర్సయ్య, 'చెరిపేయాలా, వద్దా' అని అడిగినప్పుడు అలవాటుగా ఎంటర్ నొక్కితే డిజైన్లన్నీ చెరిగిపోయాయట. మిల్లు యజమాని సేఠ్ ఆయనను పనిలోంచి తీసేస్తానన్నాడట. వెతికితే దొరికింది. నా స్క్రిప్టు ఏదో పాత డైలాగ్ ఫైలును విండోస్ బిల్డ్‌లోకి లాగింది. కొత్తదాంట్లో ఎంటర్ అంటే 'వద్దు', ఆ పాతదాంట్లో 'చెరిపెయ్'. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. గుట్టుగా సరిచేసేయవచ్చు. చివరికి సార్ దగ్గరికి వెళ్లాను.

"గా పెద్దాయన నర్సయ్య తప్పు లేదు సార్. నాదే."

సార్ తెరనే చూస్తూ, "విండోస్‌ల చూసినవా?" అన్నారు.

"లే సార్."

"భయమైతుందా?"

"నౌకరీ పోతదేమోనని అయితుంది సార్."

"నాకూ అయితుంది. గా మిల్లు మనల్ని ఇడిస్తే మన ఆఫీసు నడుసుడు కష్టమే. అయినా పా, నేనొస్త. గాయన్ని ఎల్లగొట్టకముందే పోవాలె."

మిల్లు మెట్లు మగ్గాల చప్పుడుకు అదురుతున్నాయి. నర్సయ్య గోడ పక్కన కూర్చుని ఉన్నాడు. "ఇంట్ల ఇంకా చెప్పలే బిడ్డా. ఏం చెప్పాల్నో తెలుస్తలేదు," అన్నాడు. సార్ సేఠ్‌తో హిందీలో, తప్పు మాదేనన్నారు. సేఠ్ నమ్మలేదు. అప్పుడు నేను ముందుకొచ్చి, మార్చింది నేనేనని చెప్పాను. ఎంటర్ ఎలా తిరగబడిందో వివరించాక నమ్మాడు.

నర్సయ్య ఉద్యోగం పోలేదు. పాత ఫ్లాపీల్లో కొన్ని డిజైన్లు దొరికాయి, మిగతావి ఆయన మళ్లీ గీశాడు. ఆ మిల్లు మాత్రం మా ప్రోగ్రాం మానేసింది. సార్ నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడంతో నెలల తరబడి, ఏ రోజుకారోజు తీసేస్తారనే భయపడ్డాను. తీసేయలేదు.

ఇప్పుడు నా కింద పనిచేసే కుర్రవాళ్లు నా దగ్గరికి తప్పు చెప్పుకోవడానికి వస్తుంటారు. నోరు విప్పకముందే ముఖాలు చూస్తేనే తెలిసిపోతుంది. కూర్చోబెట్టి మొత్తం వింటాను. విన్నాక, "పద, నేనూ వస్తాను," అంటాను.