యంకమ్మ విన్న కొండముచ్చులు

రాయచూరుకు తూర్పున, తెలంగాణ సరిహద్దుకు దగ్గరలో ఉంది యంకమ్మ ఊరు. ఆమెకు ఏభై దాటాయి. పదకొండో ఏట నుంచీ మేకలే కాస్తోంది. ఊరి వెనక బండరాళ్ల గుట్ట మీద కొండముచ్చుల మంద ఒకటుంది. ఊళ్లోవాళ్లు వాటిని కొండెంగలంటారు. చిరుతలూ వచ్చిపోతుంటాయి. అయినా ఇన్నేళ్లలో ఒక్క మేకనూ చిరుత నోట పడనివ్వలేదని యంకమ్మకు పేరు.

ఎలాగని అడిగితే, "నాదేముంది? పైనున్న కొండెంగలు చెప్తవి, నేను చెవి పెట్టి ఇంట" అనేది.

ఆ మాట చెవిన పడి రక్షిత ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. రక్షిత రాయచూరు పట్నం పిల్ల, బెంగళూరులో పరిశోధన చేస్తోంది. కొండముచ్చుల అరుపులకు అర్థాలున్నాయా, మనిషికి మాట ఎలా పుట్టిందో వాటి వల్ల ఏమైనా తెలుస్తుందా అన్నది ఆమె చదువు. చిరుతను చూస్తే ఒక అరుపు, కుక్కలను చూస్తే ఇంకొకటి అని రాసుకుంది.

యంకమ్మ తల అడ్డంగా ఊపింది. "చిరుతకే రెండున్నయి బిడ్డా. ఆగి ఆగి దగ్గినట్టు అరిస్తే అది నడుస్తున్నట్టు. ఆపకుండ అరిస్తే ఒక్కతాన కూసున్నట్టు."

రక్షిత నమ్మీనమ్మనట్టు నవ్వింది.

తర్వాతి వారం ఆమె ఒక స్పీకరు తెచ్చి పొదలో దాచి, రికార్డు చేసిన చిరుత గాండ్రింపు వినిపించింది. కొండముచ్చులు హడలిపోయి చెట్లెక్కాయి. రెండో రోజూ అంతే. నాలుగో రోజు రెండు పిల్లలు దిగివచ్చి స్పీకరును వాసన చూశాయి.

యంకమ్మ లేచి పొదకు అడ్డంగా నిలబడింది. "బంద్ చెయ్యి బిడ్డా."

"ఏమైందత్తా?"

"నువ్వు వాటితోని అబద్ధమాడుతున్నవ్. గిట్ల రోజు ఆడితే, నిజంగ చిరుత వచ్చిననాడు అవి కదుల్తయా? వాటి మాట ఇని బతికే నా మేకల సంగతేంది?"

రక్షిత స్పీకరు ఆపేసింది. ఇంకా పదహారు సార్లు వినిపించాల్సి ఉంది. సాయంత్రం తన ప్రొఫెసరుకు ఫోన్ చేసి, ఇక వినిపించనంది. ఆయన విసుక్కున్నాడు. నిజమైన చిరుత కోసం కాచుకుంటే ఏడాది ఆలస్యమవుతుందన్నాడు. "కాచుకుంటాను సార్" అంది.

వానలు పోయాయి. ఇద్దరూ రోజూ గుట్టెక్కారు. రొట్టెలు, పుండిపల్లె అనే గోంగూర కూర పంచుకు తిన్నారు. కార్తీకంలో ఒక పొద్దున పెద్ద మగ కొండముచ్చు ఆపకుండా అరవసాగింది. యంకమ్మ రక్షిత చెయ్యి పట్టుకుంది.

"కదలకు. కూసుంది."

ఎదుటి బండ మీద తోక మాత్రం కనబడింది. కొంతసేపటికి అరుపు తెగి తెగి వచ్చింది. "లేసింది, సూడు" అని యంకమ్మ అంటుండగానే చిరుత లేచి అవతలి వాలుకు దిగిపోయింది. రక్షితకు కళ్లనీళ్లు వచ్చాయి. రికార్డరు తిరుగుతూనే ఉంది.

చలికాలం ముగిసేలోగా అలా ఇంకా ఆరుసార్లు జరిగింది. ఒక్కసారే యంకమ్మ లెక్క తప్పింది.

"అయితే వాటికి మాటలు వచ్చినట్టేనా అత్తా?" అని ఒకనాడు రక్షిత అడిగింది.

యంకమ్మ ఆలోచించింది. "కండ్ల ముందున్నది చెప్తవి. నిన్న వచ్చిన చిరుత సంగతి ఇయ్యాల చెప్పవు. నా పెనిమిటి పోయి తొమ్మిదేండ్లాయె, నేనింకా ఆయన ముచ్చట చెప్తనే ఉన్న గదా!"

"పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లూ ఇదే అంటారు అత్తా" అని రక్షిత ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకుంది.

రక్షిత వ్యాసం అచ్చయినప్పుడు అందులో యంకమ్మ పేరు కూడా ఉంది. రాయచూరులో ఒక కాలేజీవాళ్లు ఆమెను పిలిచారు. పిల్లల ముందు నిలబడి యంకమ్మ రెండు అరుపులూ అరిచి చూపింది. హాలంతా చప్పట్లు. శాలువా కప్పారు.

మధ్యాహ్నం బస్సు దిగేసరికి మరదలు మంజమ్మ మేకలతో ఎదురొచ్చింది. "ఏంది వదినా, కొండెంగ లెక్క అరిస్తే శాలువ కప్పిండ్రా?"

"కప్పిండ్రు. నీకూ నేర్పుత రా" అంటూ యంకమ్మ ఆమె చేతిలోని కర్ర అందుకుంది. ఇంకా మూడు గంటల పొద్దుంది. ఇద్దరూ మేకలను గుట్ట వైపు మళ్లించారు.