పాడని పద్యానికి హార్మోనియం

రిటైరైన తరువాత దూరవిద్యలో రంగస్థల కళల పీజీకి చేరాను. మిగతా పేపర్లలో ఉన్నవి చాలావరకు నేను ఎక్కడో ఒకచోట చూసిన సంగతులే. పరిశోధన పద్ధతులు అనే పేపరు మాత్రం నా చేత మళ్ళీ ఓనమాలు దిద్దించింది.

నేను నందిగామలో ఒక ఆఫీసులో గుమాస్తాగా పనిచేశాను. సెలవు రోజులూ, తిరునాళ్ళ కాలమూ పద్యనాటకాలకు ఇచ్చాను. నాది వేషం కాదు, హార్మోనియం. స్టేజీకి ఒక పక్కన కూర్చుని, నటుడు పద్యం ఎత్తుకునే ముందు శ్రుతి అందించాలి. అతను రాగం తీస్తుంటే వెనకే వెళ్ళాలి. ఊపిరి పీల్చుకునేచోట ఖాళీ తెలియనివ్వకూడదు. మా నాటక సమాజంలో ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. రాజు వేషాలు కట్టిన మిత్రుడు జగ్గయ్యపేటలో, నేను నందిగామలో మిగిలాం. నా భార్య పోయాక మైలవరంలో ఉన్న చెల్లెలు వచ్చి ఉండమంది. వెళ్ళలేదు. ఒక్కడినే ఉంటున్నాను.

డైరీ రాయడం హైస్కూలు నాటి అలవాటు. ఏ ఊళ్ళో ఏ నాటకం ఆడాం, ఎవరిది ఏ వేషం, ఏ పద్యానికి వన్స్‌మోర్ వచ్చింది, వాన ఎక్కడ ఆపింది, అన్నీ ఉన్నాయి. పరిశోధన అంటే వాటిని క్రమంలో పెట్టడమే అనుకున్నాను. కొన్నింటిని సంచిలో వేసుకుని విజయవాడలో మా గైడు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమెది నా మేనకోడలి వయసు. ఆమె నన్ను సార్ అంటుంది, నేను ఆమెను మేడమ్ అంటాను.

ఓపికగా తిరగేసి, "బాగున్నాయి సార్. మీ సమాజం చరిత్ర ఇందులో ఉంది. మీ పని ఏదీ?" అంది.

"ఇదంతా మేం చేసిందే కదండీ."

"మీరు వాయించిన రోజులున్నాయి. వాయించింది లేదు. పద్యం రక్తి కట్టిందని రాశారు. ఎవరి వల్ల?"

"నటుడి వల్ల."

"మరి అందులో మీదేంటి సార్?"

ఎత్తిపొడుపేమీ లేదు ఆ మాటలో. నిజంగానే అడిగింది. కళాకారుడు తన కళనే పరిశీలనకు పెట్టే పద్ధతి ఒకటుందని వివరించింది. ముందు ఒక ప్రశ్న ఉండాలి. ఆ ప్రశ్న మనసులో పెట్టుకుని వాయించాలి, రికార్డు చేయాలి, విని ఏం జరిగిందో రాయాలి, మళ్ళీ వాయించాలి. వచ్చే క్లాసుకు ఒక రికార్డింగూ, దాని మీద రెండు పేజీల రాతా తెమ్మంది. ప్రశ్న మాత్రం ఇప్పుడు అడిగినదే ఉంచుకోమంది.

తిరుగు బస్సులో ఆ ప్రశ్న నా పక్కన కూర్చుంది. ఇన్నేళ్ళు వాయించినదాంట్లో నాదంటూ ఏమీ లేదని తేలితే? డిగ్రీ రాకపోతే పోయేదేమీ లేదు. ఇది తేలితే మాత్రం ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు.

ఇంట్లో ఫోను రికార్డులో పెట్టి, నిద్రలో లేపినా వాయించగలననుకునే కరుణరసం పద్యం ఒకటి వాయించాను. తరువాత విన్నాను. కాసేపు శ్రుతి. ఖాళీ. చిన్న ముక్క. మళ్ళీ ఖాళీ. పక్కగదిలో ఎవరో ఫోన్లో మాట్లాడుతుంటే మనకు ఊఁ, అవునా, సరే అన్న మాటలే వినపడతాయి చూడండి, అలా ఉంది. అవతలి మనిషి లేడు.

నటుడి పాటను కూడా హార్మోనియం మెట్ల మీద పలికించి చూశాను. అది అతనిది, నాది కాదు. నేనే పాడుతూ వాయించాను. నేను ఎటు వెళ్తానో నా వేళ్ళకు ముందే తెలిసిపోయింది. నాతోపాటు చదువుతున్న కుర్రాళ్ళలో ఒకడు, "యూట్యూబులో ఏదో ఒక పద్యం పెట్టుకుని వాయించండి అంకుల్, కరోకేని తిరగేసినట్టు" అన్నాడు. అదీ చేశాను. రికార్డులో మనిషి నా హార్మోనియం వినడు. నేను ఒక మెట్టు ఎక్కువసేపు నొక్కి పట్టినా తన దారిన తను పోతాడు. చేసింది, విన్నది, తెలిసింది అని మూడు భాగాలుగా అన్నీ రాసుకున్నాను. మూడో భాగంలో ప్రతిసారీ, కాదు అనే వచ్చింది.

చివరికి చేతి హార్మోనియం పట్టుకుని జగ్గయ్యపేట బస్సెక్కాను.

"పెద్దాయనా, ఆ పెట్టెకి టికెట్టు కొట్టాలా?" అన్నాడు కండక్టరు.

"కూర్చోదు బాబూ, ఒళ్ళోనే ఉంటది."

"ఐతే పసిపిల్లే. ఫ్రీ" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ రోజు నాతో మాట్లాడిన మొదటి మనిషి అతనే.

మిత్రుడు వరండాలో మంచం మీద ఉన్నాడు. పెట్టె చూసి, "ఏరా, కచేరీ ఎక్కడ?" అన్నాడు. సంగతంతా చెప్పాను.

"ఈ వయసులో పరీక్షలేంట్రా నీకు? నా గొంతు నమ్ముకుంటే ఫెయిలే. నాలుగు మాటలాడితే ఆయాసం. డాక్టరు గట్టిగా దగ్గొద్దన్నాడు, ఇంక పద్యం కూడానా!"

"పోనీలే. చూసి పోదామని వచ్చా."

"అబద్ధాలాడకు. చూసి పోయేవాడివి పెట్టె మోసుకొస్తావా? తియ్యి. శ్రుతి ఇయ్యి."

"వద్దురా, ఆయాసం."

"పాడనులే. నువ్వు ఇయ్యి."

ఫోను రికార్డులో పెట్టి శ్రుతి ఇచ్చాను. అతను లేచి కూర్చుని, గోడ వైపు చూపు నిలిపాడు. జనం వైపు అలాగే చూసేవాడు. పెదవి కదల్లేదు. ఛాతీ నెమ్మదిగా పైకి లేచింది, తొడ మీద చెయ్యి విచ్చుకుంది. పద్యం ఎత్తుకున్నాడు. నాకు వినపడింది అంటే మీరు నమ్మక్కర్లేదు. నా వేళ్ళు మాత్రం కదిలాయి. గడ్డం ఎత్తితే రాగం. భుజం దిగితే ఊపిరి, అక్కడ నా చిన్న ముక్క. మూడో పాదంలో ఎప్పుడూ పరుగెత్తేచోట చెయ్యి గాలిలోనే ఆపేశాడు. నేనూ ఆగాను. అతను చాలాసేపు అలాగే ఉంచాడు. నేనూ మెట్టు మీద వేలు ఆనించి ఉన్నాను, నొక్కకుండా. అప్పుడు నవ్వాడు.

"ఎన్నిసార్లు పడేద్దామని చూశానో రా నిన్ను. దొరకవు కదా!"

లోపలినుంచి కోడలు వచ్చింది. "అదేంటి మామయ్యగారూ, బాబాయిగారొక్కరే వాయిస్తున్నారు. మీరు పాడరా?"

"పాడానమ్మా. నీకు వినపళ్ళా?"

"చెవుల్లో ఏం పెట్టుకున్నానో మరి" అని ఆ అమ్మాయి టీ గ్లాసులు మంచం మీద పెట్టి వెళ్ళింది.

క్లాసులో ఆ రికార్డింగు వినిపించాను. గైడు మధ్యలో ఆపి, "ఇక్కడ ఎందుకు ఆగారు సార్?" అంది.

"ఆయన ఆపాడండి."

"ఎవరు? ఎవరి గొంతూ లేదే?"

చెప్పాను. కుర్రాళ్ళు ఫోన్లు పక్కన పెట్టి విన్నారు. నేను రాసిన రెండు పేజీలూ ఆమె అక్కడే చదివింది. పరిశోధనకు పరిమితులు చెప్పుకోవాలని పాఠంలో ఉంది కనుక, చివర పరిమితులు అని శీర్షిక పెట్టి ఇలా రాశాను: "నాది ఆ ఆగడమే. దాన్ని నేను ఒక్కడినే చేయలేను. మళ్ళీ చేసి చూపాలంటే ఒక మనిషి ఉండాలి. అటువంటి మనిషి ఇప్పుడు ఒక్కడే ఉన్నాడు."

ఆమె పెన్సిలుతో ఆ శీర్షిక కొట్టేసింది. "ఇది పరిమితి కాదు సార్. మీకు తేలింది ఇదే. ఫలితాల్లో రాయండి" అంది.

ఆ సాయంత్రం నందిగామ చేరి, శీర్షిక మార్చి, ఆ వాక్యాలను శుభ్రంగా తిరగరాశాను. రాసేటప్పుడు చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. పెన్ను పక్కన పెట్టి జగ్గయ్యపేటకు ఫోను చేశాను. చాలాసేపు మోగాక కోడలు ఎత్తింది.

"ఇప్పుడే కళ్ళు మూతపడ్డాయి బాబాయిగారూ. లేపమంటారా?"

"ఊపిరి ఎలా ఉందమ్మా?"

"ఇవాళ కాస్త నయమేనండి. లేపనా?"

వద్దమ్మా అన్నాను.