సముద్రానికి శిఖం గీసిన రోజులు

మొన్న ఆదివారం మా చెల్లె బిడ్డ కోరుట్లలో మా ఇంటికి వచ్చి, నేను పొయ్యి మీద పప్పు వేసి కలుపుతుండగానే ఫోన్ తెరిచి, వచ్చే నెల స్నేహితురాళ్ళతో కలిసి సముద్రం చూడడానికి పోతున్నామని, ఎక్కడ దిగాలో ఏ ఒడ్డున తిరగాలో పటంలో చూపించబోయింది. ఆ పిల్ల వేలితో జరుపుతుంటే నీలం రంగు వచ్చింది, దాని అంచున బూడిద రంగు ఇసుక పట్టీ వచ్చింది, ఆ పట్టీ మీద బియ్యపు గింజల్లాగా చుక్కలు వరుసగా కనిపించాయి. నేను గరిటె పక్కన పెట్టి, అద్దాలు పెట్టుకుని, అవి పడవలు, ముక్కులన్నీ నీళ్ళ వైపే ఉన్నాయి చూడు అన్నాను. సముద్రం ముఖమే చూడని పెద్దమ్మకు ఇదంతా ఎట్లా తెలుసని అది నోరు తెరిచింది. తెలియకేం! నా వయసు వాళ్ళు మీలో ఎందరు నమ్ముతారో గాని, నేను ఒకప్పుడు జగిత్యాలలో కూర్చుని సముద్రపు ఒడ్డు గీసి జీతం తీసుకున్నదాన్ని.

పదిహేనేళ్ళ కిందటి మాట. ఐటిఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చేసి, పెండ్లయ్యాక కోరుట్లలో ఒకరికీ ఇద్దరికీ ఇళ్ళ ప్లాన్లు గీసుకుంటూ ఉన్న నాకు, జగిత్యాల బస్టాండు వెనుక ఎరువుల దుకాణం మీది అంతస్తులో కంప్యూటర్లు పెట్టుకున్న ఒక సారు పని ఇచ్చాడు. సర్కారు అందరికీ ఉచితంగా ఇచ్చే ఉపగ్రహ చిత్రాలను, పాత సర్వే పటాలను పక్కపక్కన పెట్టుకుని, సముద్రతీరంలో ఏది ఎక్కడుందో గీత గీసి రంగు నింపాలి. మడ అడవికి ముదురాకుపచ్చ, ఉప్పు మళ్ళకు తెలుపు, రొయ్యల చెరువులకు నీలం, సాగు భూమికి పసుపు. కింది నుంచి యూరియా వాసన, పైనుంచి రేకుల వేడి, మధ్యన మేము ఆరుగురం ఆడవాళ్ళం. నాతోపాటు పొద్దున బస్సులో వచ్చే కోరుట్ల అక్క అప్పటిదాకా బీడీలు చుట్టినది, ఆ వేళ్ళు మౌసు పట్టుకుంటే ఆగేవి కావు. మా గదిలో సముద్రం చూసినవాళ్ళు ఒక్కరూ లేరు, సారుతో సహా. అయినా మాకు ధైర్యానికి తక్కువ లేదు.

నేను కోర్సు చదివినదాన్ని కనుక అందరి షీట్లూ చూసి సంతకం పెట్టే పెద్దరికం నాది. ఆ పని సజావుగా ముగిస్తే నన్ను పర్మినెంటు చేస్తానని సారు మాట ఇచ్చాడు. ఇంక నా నడకే మారిపోయిందని మా ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు.

పని సగంలో ఉండగా ఒక చిక్కు వచ్చింది. ఒకే ఊరి ఒడ్డుకు రెండు చిత్రాలున్నాయి, ఒకటి ఒక నెలలో తీసినది, ఒకటి మరో నెలలో తీసినది. ఒకదానిలో నీళ్ళు లోపలిదాకా ఉన్నాయి, మరోదానిలో బాగా వెనక్కి పోయి వెడల్పాటి నేల బయటపడింది. ఇది సాగు భూమా, ఇసుకా, ఏ రంగు వేయాలని అందరూ నా ముఖం చూశారు. నేను క్షణం ఆలోచించలేదు. మన చెరువుల సంగతి మనకు తెలియనిదా? వానకాలం నిండుతుంది, ఎండాకాలం నీళ్ళు వెనక్కి పోతే శిఖం భూమి తేలుతుంది, అందులో దోసలు పుచ్చకాయలు పెట్టుకుంటారు. ఇదీ శిఖమే, పసుపు నింపండి అని తీర్పు చెప్పాను. మరి ఈ నల్లచుక్కలేమిటని కోరుట్ల అక్క అడిగితే, గడ్డివాములు అన్నాను. అబ్బ, ఎంత ఠీవిగా అన్నానో తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి! ఆ లెక్కన రేవు ఊళ్ళన్నిటికీ ఒడ్డు పొడుగునా పసుపు పట్టీ వేయించి, షీటు షీటుకూ నా సంతకం పెట్టాను. అవి శుక్రవారం పై సర్కారు ఆఫీసుకు పోవాలి.

ఆ మంగళవారం మా బాపు వచ్చాడు. కోనరావుపేట దగ్గరి మా ఊళ్ళో తాళ్ళు, అంటే తాటిచెట్లు, ఎక్కి కల్లు గీసేవాడు. కొండగట్టుకు మొక్కు తీర్చుకోవడానికి వచ్చి, బిడ్డ కొలువు చూసి పోదామని సంచి నిండా ముంజలు మోసుకుంటూ మా మెట్లెక్కాడు. పని ఆపి అందరం ముంజల మీద పడ్డాం, సారుతో సహా. బాపు మాత్రం నా కుర్చీలో కూర్చుని తెర వైపు చూస్తూ ఉండిపోయాడు. నేను గొప్పగా అన్నీ వివరించాను. విని విని మెల్లగా అడిగాడు.

"బిడ్డా, గింత పెద్ద చెరువుకు కట్ట ఏదే?"

అందరూ నవ్వారు. సముద్రానికి కట్ట ఉండదు బాపూ అని నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు.

"మరి శిఖంల తుమ్మచెట్టు ఒక్కటన్న లేకపాయె. గివి గడ్డివాములంటవా? గడ్డివాములు ఏడనన్న గిట్ల ముక్కులన్ని ఒక్కదిక్కే వెట్టి నిలవడ్తయా?"

నా చేతిలో ముంజ చేతిలోనే ఉండిపోయింది. జీవితమంతా చెట్టు మీది నుంచి ఊరిని చూసిన మనిషి ఆయన. పైనుంచి చూస్తే ఏది ఎట్లా ఉంటుందో, కోర్సు చదివిన నాకంటే ఆయనకే తెలుసు. నోరు మూసుకుంటే శుక్రవారం షీట్లు పోతాయి, కొలువు నిలుస్తుంది. ఈ ఆలోచన రాలేదని మీతో అబద్ధం చెప్పను. వచ్చింది. కాని బాపు నన్నే చూస్తున్నాడు. లేచి సారు దగ్గరికి పోయి, సార్, తప్పు గీసినట్టున్నం అన్నాను.

"ఏందమ్మా, గిప్పుడు చెప్తవా? సంతకమెవ్వలిది?" అని సారు గది అదిరేట్టు అరిచాడు. అరిచి అరిచి, చివరికి ఎవరెవరినో అడిగి ఆ రెండు చిత్రాల రేవు ఊళ్ళో చేపలు పట్టేవాళ్ళ పెద్దమనిషి నంబరు సంపాదించి, అందరికీ వినబడేట్టు ఫోన్ కలిపాడు. ఆ పట్టీలో ఎండాకాలం ఏం పండిస్తారండీ అని అడిగాను. అవతల ఒకటే నవ్వు. సముద్రం రోజుకు రెండుసార్లు వచ్చి పోతుందట, వేసవీ లేదు వానా లేదు. ఆ నేల మీదే వాళ్ళు పడవలు నిలుపుకుంటారు, వలలు ఆరేసుకుంటారు. నవ్వు ఆగాక ఆయన గొంతు మారింది.

"అమ్మా, ఖాళీ సాగు భూమని మీ పటంలోకి ఎక్కిందంటే రేపు ఎవడో ఒకడు వచ్చి కంచె వేస్తాడు. అప్పుడు మా పడవలు ఎక్కడ పెట్టుకోమంటారు?"

ఆ మూడు రోజులు మేము పడ్డ పాటు అంతా ఇంతా కాదు. పసుపు చెరపడం, కొత్త గీత గీయడం, ప్రతి పట్టీ మీద పడవలు నిలిపే చోటు అని రాయడం. కోరుట్ల అక్క వేళ్ళు లేకుంటే మునిగేవాళ్ళమే. శుక్రవారం మూడు గంటలకు షీట్లు పోయాయి. నా పర్మినెంటు మాత్రం ఆరు నెలలు వెనక్కి పోయింది, పోనీ అనుకున్నాను. తర్వాత నెలలో ఆ రేవు పెద్దమనిషి బస్సులో మాకు ఎండుచేపల మూట పంపాడు. వారం రోజులు ఆఫీసంతా అదే వాసన. ముక్కు మూసుకుని తిట్టిన సారే సాయంత్రం సగం మూట ఇంటికి పట్టుకుపోయాడు!

ఇదంతా చెప్పి, నా షీట్లలో ఉన్న ఆ ఊరి పేరు చెబితే చెల్లె బిడ్డ వెతికి తీసింది. పట్టీ అట్లాగే ఉంది, పడవలు అట్లాగే నిలబడి ఉన్నాయి. కంచె లేదు. మా గీత వల్లనేనని అనలేను గాని, నాకు మాత్రం కడుపు నిండిపోయింది. అప్పుడు మా ఊరు కూడా చూపించమన్నాను.

ఆనాడు బాపు మా ఆఫీసు మెట్లు దిగేముందు, మన తాళ్ళు గిట్ల కనవడ్తయా అని అడిగితే, మా ఊరి వాగు ఒడ్డు తెరిచి చూపించాను. నీడలను బట్టి తన చెట్లు ఒక్కొక్కటీ వేలితో లెక్కపెట్టి, అన్నీ ఉన్నాయని చిన్నపిల్లవాడిలా సంబరపడ్డాడు. ఇప్పుడు ఆ ఒడ్డున ప్లాట్ల రాళ్ళున్నాయి, తెల్లటి రోడ్లున్నాయి, ఒక్క తాటిచెట్టు లేదు. బాపూ లేడు. ఎన్నడూ చూడని ఊరి వాళ్ళ పడవలకు చోటు రాసిన నాకు, మా బాపు చెట్లకు కూడా ఒక గీత గీసి పేరు రాయాలని ఆనాడు తోచనే లేదు. అవి ఎక్కడికి పోతాయిలే అనుకున్నాను.

నా ముఖం చూసి, ఈ పటంలో వెనుకటి ఏండ్లకు కూడా పోవచ్చు పెద్దమ్మా అని ఆ పిల్ల ఏదో నొక్కి జరిపింది. రోడ్లు పోయాయి, రాళ్ళు పోయాయి, తాళ్ళన్నీ తిరిగి లేచి నిలబడ్డాయి. నీడలు పడమటికి పడి ఉన్నాయి. అంటే పొద్దటి పూట తీసిన చిత్రం, బాపు చెట్ల మీద ఉండే వేళ. ఆకుల చాటున ఏ చెట్టు మీద ఉన్నాడో తెలియదు గాని, వాటిలో ఒకదాని మీద ఉన్నాడు. పప్పు మాడుతున్న వాసన వస్తున్నా లేవకుండా, ఒక్కొక్క చెట్టూ వేలితో లెక్కపెడుతూ కూర్చున్నాను.