పసుపు పూసిన వెనక లైట్లు

నాకు జ్వరమొస్తే మాత్ర వేసుకోమని చెప్పి పోయే మా ఆయన, మా పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపుకు దగ్గొస్తే మాత్రం సగం రోజు బానెట్‌లోనే తలపెట్టుకుని ఉంటాడు. అశ్వారావుపేట దగ్గర మా పామాయిల్ తోటలోకి వానాకాలంలో మరే బండీ రాదు. అందుకని ఆ సవతిని నేనూ భరించాను.

ఆ ఏడు దసరా ముందు దాని వెనక లైట్లు రెండూ మార్చాడు. పాతవాటిలోకి నీళ్లు దిగి హోల్డర్లు తుప్పుపట్టాయి. కొత్త బల్బు వేసినా, పిడికిలితో ఒక్కటిస్తే తప్ప వెలిగేవి కావు. ఈసారి లైట్లు మొత్తం కొత్తవి తెచ్చి, ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, ఎర్త్ వైరు ఛాసిస్‌కు బిగించాడు. ఇది ఒంటరిగా అయ్యే పని కాదు. బ్రేకు తొక్కే మనిషికి వెనకేం వెలుగుతోందో కనబడదు కదా! అక్కడ నేను నిలబడాలి.

"వెలుగుతున్నయా?"

"అవ్, రెండూ వెలుగుతున్నయ్."

పండగనాడు మా అత్తమ్మ జీపుకు పూజ చేసింది. నిమ్మకాయలు తొక్కించాక లైట్లన్నిటికీ పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టింది. వానకు కరిగిపోకుండా పసుపును నూనెలో కలపడం ఆమె పద్ధతి. అది దానంతట అది రాలాల్సిందే, తుడవకూడదు. ఒక దసరాకు మామయ్య పండగ మర్నాడే ట్రాక్టర్ కడిగించారు. ఆ వారంలోనే అది గట్టు మీద తిరగబడి ఆయన పోయారు. అప్పటినుంచి మా ఇంట్లో ఎవరూ ఆ పసుపు జోలికి పోలేదు. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. కానీ మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషితో వాదించడానికి నోరెలా వస్తుంది?

పండగ వెళ్లిన కొన్నాళ్లకు ముసురు పట్టింది. ఆ సాయంత్రం అత్తమ్మకు ఆయాసం మొదలైంది. నోట్లోకి కొట్టుకునే మందు కొట్టినా తగ్గలేదు. పెదాలు నల్లబడుతున్నాయి. వాగు పొంగిందని అంబులెన్స్ వాళ్లు రాలేమన్నారు. మా ఆయన జీపు తీశాడు. అంత కంగారులోనూ అలవాటు పోలేదు, నేను వెనక నిలబడి చూశాను. పసుపు చాటునుంచి ఎర్రగా వెలుగు కనబడింది. ఎక్కి అత్తమ్మ పక్కన కూర్చున్నాను. ఆమెకు గాలాడాలని వెనక పరదా పైకి కట్టేశాను.

జీపు వాగు దాటింది, బురద దాటింది, ములకలపల్లి అడవిలో తారురోడ్డెక్కింది. ఇక భద్రాచలం దవాఖానాకు చేరినట్టే అనుకున్నాను. అప్పుడు మా వెనక ఒక ఇసుక లారీ వచ్చింది.

మా ఆయన గుంత చూసి బ్రేకు వేశాడు. లారీ కీచుమంటూ మా మీదికే వచ్చి, ఆఖరి క్షణంలో ఆగింది. డ్రైవర్ హారన్ మీదనుంచి చెయ్యి తియ్యలేదు. కాస్త దూరం పోయాక మళ్లీ గుంత, మళ్లీ బ్రేకు. ఈసారి లారీ ముందు భాగం నాకు చేతికందేంత దగ్గరికి వచ్చింది. నేను వెనక సగం తలుపు మీదుగా వంగి చూశాను. నూనె పసుపు మీద వాగు బురద పేరుకుని లైట్లు రెండూ మూసుకుపోయాయి. గోడకు మట్టి మెత్తినట్టుంది.

"ఇగో, బ్రేకు కొట్టకు! వెనక లైట్లు కనిపిస్తలేవ్!" అని అరిచాను.

"పక్కకు తీస్త!"

"ఏడ తీస్తవ్? రెండు దిక్కుల కాలువలే!"

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, మా బతుకు అచ్చం అలాగే అయింది. ముందు గుంతలు, వెనక లారీ, నా ఒళ్లో ఊపిరందని అత్తమ్మ. లైటు మీదికి చెయ్యి చాపి ఆగిపోయాను. ఆమె నా చేతినే చూస్తోంది. మనసులో మామయ్యే మెదిలి ఉంటారు. తర్వాత ముందు సీట్లో కొడుకు వీపు వైపు చూసింది.

"తుడువు," అంది.

"అత్తమ్మా..."

"తుడువు బిడ్డా. నేను... పట్టుకుంట."

రెండు చేతులూ నా నడుముకు చుట్టింది. నేను తలుపు మీద బోర్లా పడి కొంగుతో తుడిచాను. బురద కాస్త కాస్త ఊడింది గానీ, నూనె ఊడదే! గోళ్లతో గీకాను. లారీ వెలుగు కళ్లల్లో పడి ఏమీ కనబడలేదు. చచ్చేంత భయమేసింది. నా వీపుకు ఆనుకున్న అత్తమ్మ ఛాతీలో పిల్లికూతలు వినబడుతున్నాయి. అవి ఆగిపోతే చేతులూ వదులుతాయి, ఆమే ఉండదు. ఎట్టకేలకు లైటు వెలుగు పడి నా అరచేయి ఎర్రబడింది. ఈ చివరనుంచి ఆ చివరకు జరిగి రెండోదీ గీకాను. ఆమె వదల్లేదు, నాతోపాటే జరిగింది.

"ఇప్పుడు కొట్టు!" అని అరిచాను.

బ్రేకు పడింది. రెండు లైట్లూ భగ్గుమన్నాయి. లారీ నెమ్మదించి, దూరంగా వెనకబడింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

దవాఖానాలో నర్సు మాస్కు పెట్టబోతే అత్తమ్మ తోసేసింది.

"వాడేడి?"

"బండి పక్కకు పెడుతున్నడు అత్తమ్మా. ముందు మాస్కు పెట్టనియ్యి."

తల అడ్డంగా ఊపింది. ఊపిరి కోసం ఎగిరెగిరి పడుతూ గుమ్మం వైపే చూసింది. మా ఆయన తడి బట్టలతో పరుగెత్తుకొచ్చాడు. ఆమె చెయ్యి చాపితే, పట్టుకోమంటోందనుకుని తన చెయ్యి ఇచ్చాడు. ఆమె అతని వేళ్లు విడదీసి జీపు తాళాలు లాక్కుంది.

"ఇగ నువ్వు... తోలకు," అంది, నా గోళ్లల్లో ఇరుక్కున్న పసుపును చూస్తూ.

అతనికి ఏమీ అర్థంకాక నా మొహం చూశాడు. అత్తమ్మ తాళాలను బొడ్లో దోపుకుని, మాస్కు తనే లాక్కుని మొహానికి పెట్టుకుంది.