బతికున్న వరహాలమ్మగారికి నేను జరిపించిన సంతాపసభ

సన్మానసభను పది నిమిషాల్లో సంతాపసభగా మార్చడం ఎలాగో మీలో ఎవరికైనా తెలియకపోతే నన్నడగండి. రాయపూర్ మొత్తంలో ఆ విద్య నా ఒక్కడికే వచ్చు. ఇప్పటికీ ఇక్కడి తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళకు వెళ్తే స్తంభం చాటున చోటు వెతుక్కుంటాను.

నేను రాయపూర్ పక్కనే ఉన్న సిల్తారాలో ఒక ఉక్కు కర్మాగారం ఆఫీసులో పనిచేస్తాను. రెండేళ్ళ కిందట ఏఐ చేత ఉత్తరాలు రాయించడం నేర్చుకున్నాను. మేనేజరు రెండుసార్లు “బహుత్ బఢియా” అనేసరికి, అవి రాసింది నేనేనని నాకే నమ్మకం కుదిరిపోయింది. సరిగ్గా అప్పుడే మా తెలుగు సంఘం సింహాచలంగారికి సన్మానం తలపెట్టింది. ఆయన శ్రీకాకుళం నుంచి వచ్చి, రైల్వేలో గేట్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. జన్మలో ఆయన ఎక్కబోయే మొదటి వేదిక అదే.

మా సంఘంలో సన్మానపత్రాలు రాసేది రామ్మూర్తి మాస్టారు. సన్మానం ఎవరికో వాళ్ళింటికి మూడు రోజులు వెళ్ళి, టీలు తాగి, కబుర్లు చెప్పించుకుని, ఆ తరువాతే కలం తీస్తారు. నాకది మరీ చాదస్తంగా తోచింది.

“మాస్టారూ, జమానా మారిపోయింది. ఇది రెండు నిమిషాల పని. మీరు ఆరామ్‌గా కూర్చోండి,” అన్నాను కమిటీ అందరి ముందూ.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “మంచిదే నాయనా. నా చెయ్యి కూడా వణుకుతోందిలే.”

ఆ చెయ్యేమీ వణకడం లేదు. నేను చూశాను. చూసి కూడా ఊరుకున్నాను.

వివరాల కోసం సింహాచలంగారికి ఫోన్ చేశాను. “బాబాయ్, జల్దీ చెప్పండి. పిన్నిగారెలా ఉన్నారు?”

“ఎల్లిపోనాది బాబూ, ఆరంగ్. అది లేక ఇల్లంతా బోసిపోనాది…”

ఆయన ఇంకా ఏదో చెబుతుండగానే పెట్టేశాను. పక్కనే ఉన్న ఆరంగ్ ఊళ్ళో కూతురింటికి వెళ్ళింది, నాలుగు రోజుల్లో వచ్చేస్తుందని చెబుతున్నారట. ఎవరు విన్నారు?

ఏఐకి ఇలా కొట్టాను: “గేట్‌మన్. భార్య వెళ్ళిపోయింది, ఆరంగ్. ఇల్లు బోసిపోయింది. గుండె కరిగేలా రాయి.” పాపం, అది చెప్పిన పని చేసింది. నేనేమో మొదటి రెండు పంక్తులు చదివి, భేష్ అనుకుని, ప్రింటు తీయించి ఫ్రేము కట్టించాను.

సభలో మైకు పట్టుకుని నిలబడి, గొంతులో కావలసినంత తడి కలుపుకుని చదివాను. “ఆరంగ్ నేలలో, మహానది చెంత, శాశ్వత నిద్రలోకి జారుకున్న అర్ధాంగి జ్ఞాపకాలే దీపాలుగా…” ఎక్కడో తేడాగా ఉందని అనిపించకపోలేదు. కానీ మైకు చేతికొచ్చినవాడు ఆగిన దాఖలా మీరెక్కడైనా చూశారా?

ముఖ్య అతిథి హిందీ ఆయన. “క్యా బోల్ రహే హైఁ?” అని పక్కవాణ్ణి అడిగి, సంగతి విని, తల వంచుకుని లేచి నిలబడ్డారు. పెద్దాయన లేచాక మిగతావాళ్ళు కూర్చుంటారా? హాలంతా లేచింది. ముందు వరసలో పట్టుచీర కట్టుకున్నావిడ కూడా లేచి, భక్తిగా చేతులు జోడించింది. కాసేపటికి పక్కావిణ్ణి మెల్లగా అడిగింది.

“ఎవులు పోనారమ్మా?”

“నువ్వే, వదినా.”

హాలు గొల్లుమంది. నేనూ ఓ వెర్రి నవ్వు నవ్వబోయి సింహాచలంగారి వైపు చూశాను. ఆయన నవ్వడం లేదు. కొత్త చొక్కా గుండీ పట్టుకుని నేలకేసి చూస్తున్నారు. ఆ మనిషికి బతుకులో ఒక్కసారి దొరికిన పావుగంటను నేను తినేశాను. ఆ క్షణాన వేదిక కింద ఎలుక కన్నం ఉన్నా దూరిపోయేవాణ్ణి.

రామ్మూర్తి మాస్టారు వచ్చి నా చేతిలో మైకు తీసుకుని, కిందికి దిగి ఆవిడ ముందు పెట్టారు. “కాగితం సంగతి వదిలెయ్యమ్మా. మీ ఆయన గురించి నువ్వే చెప్పు.”

వరహాలమ్మగారు మైకును పామును చూసినట్టు చూశారు. “ఏటి సెప్తాను బాబూ… ఓ వానాకాలం ఈయనకి ఒకటే జొరం. గేటొగ్గీసి రానన్నాడు. ఏటి సేస్తాను, గొడుగట్టుకుని పక్కనే నిలబడ్డాను. ఈయన జెండా ఊపీవోడు, పడిపోకుండా నాను రెండో సెయ్యి పట్టుకునీదాన్ని. సాయంత్రం బదులు మనిషొచ్చీదాకా అంతే. ఒక్క బండీ ఆగనేదు.”

సింహాచలంగారు తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. అప్పుడు మొదలైన చప్పట్లు ఎంతసేపు మోగాయో నేను చెప్పలేను, తలెత్తితే కదా!

మర్నాడు క్షమాపణ చెప్పుకోవడానికి వాళ్ళింటికి వెళ్ళాను.

“నీ మిషనుకి నా మీద అంత కోపమేటి బాబూ?” అంది ఆవిడ.

“మిషనుకు కోపం లేదు పిన్నీ. నేనే బాబాయ్ మాట పూర్తిగా వినలేదు.”

“మరైతే కూకో. ఇప్పుడిను.”

రెండు గంటలు విన్నాను. మధ్యలో గడియారం చూసే ధైర్యం చాల్లేదు.

ఆఫీసు ఉత్తరాలు నేటికీ ఏఐయే రాస్తోంది, అబద్ధమెందుకు. అయితే పాఠక మహాశయుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఒక మనిషి గురించి రాయవలసివస్తే, స్వయంగా ఆ ఇంటికి వెళ్ళి, ఇంటిల్లిపాదినీ వరసగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరి చేతా మాట్లాడించి, అందరికీ ఊపిరి ఆడుతోందని రూఢి చేసుకున్నాకే రాస్తాను. పోయిన వారం ఒకాయన ఇంట్లో “అందరూ బతికే ఉన్నారు కదండీ?” అని వినయంగా అడిగితే, ఆయన చెప్పు చేతిలోకి తీసుకున్నారు. ఫరవాలేదు. ప్రమాణం ప్రమాణమే.