మాదేశ్ కుడి చెవి

హోసూరు బస్టాండు ఎదురుగా మాదేశ్‌కు చిన్న సెల్‌ఫోన్ అంగడి ఉంది. చవక హెడ్‌ఫోన్లు కొనాలంటే మత్తిగిరి నుంచి కూడా జనం అతని దగ్గరికే వస్తారు. డబ్బా మీద రాసినదాన్ని అతను నమ్మడు. చెవులు పూర్తిగా కప్పే రకమైతే కొనేవాళ్ల తలకు తగిలించి, స్టూలు మీద కూర్చోబెట్టి, పది నిమిషాలు కదలనివ్వడు. పాట కూడా పెట్టడు. పాట వింటూ ఉంటే నొప్పి తెలియదట. చెవులు ఉడుకుతున్నాయా, నడినెత్తి నొక్కుతోందా, కమ్మలు గుచ్చుకుంటున్నాయా అని అడిగి అడిగి ప్రాణం తీస్తాడు. ఆ తర్వాత తనే పెట్టుకుని, కళ్లు మూసుకుని, పాట విని తీర్పు చెబుతాడు. "డప్పు దద్దరిల్లుతాది గానీ గొంతు జలుబు చేసినట్టుండాది, వద్దప్పా" అన్నాడంటే ఇక ఆ సరుకును ఎవరూ ముట్టరు.

అంత పేరున్న మనిషికి ఎడమ చెవి వినపడదు.

తొమ్మిదేళ్లు ఫ్యాక్టరీలో రేకులు కొట్టే మిషన్ పక్కన నిలబడినందుకు మిగిలింది అది. భార్య అముదకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే అంగడి గతేమిటి? అందుకే ఒక కిటుకు పట్టాడు. ఒకసారి మామూలుగా విని, తుడిచే వంకతో హెడ్‌ఫోన్‌ను తిప్పి పెట్టుకుని, ఎడమ పక్కను కూడా కుడి చెవితోనే వినేవాడు.

కెలవరపల్లిలో గొర్రెలు మేపుకునే మునిలక్ష్మమ్మ హెడ్‌ఫోన్ కొనడానికి వచ్చిన రోజు అంగడి కిక్కిరిసి ఉంది. అందరి కళ్లూ అతని మీదే. తిప్పి పెట్టుకోవడానికి భయమేసింది. "రెండు పక్కలా ఖంగుమంటాండాది, తీసుకోమ్మా" అనేశాడు.

వారం తిరక్కుండా ఆమె మళ్లీ వచ్చింది. ఎడమ చెవిలో దూది, వెల్లుల్లి నూనె వాసన.

"కృష్ణగిరి పెద్దాసుపత్రికి పోతాండా మాదేశప్పా. నా ఎడమ చెవి పోయింది. పాట ఒక పక్కే వినిపిస్తాది. రెండు పక్కలా బాగుండాదని నువ్వే చెప్తివి కదా, ఇంక పోయింది నా చెవే. ఇప్పుడు గొర్రె మెడలో గంట కూడా ఆ పక్క సన్నగా వినిపిస్తాండాది. చెవుల డాక్టరు ఏ పొద్దు ఉంటాడో తెలుసునా?"

మాదేశ్ ఆమె హెడ్‌ఫోన్ తీసుకుని, తిప్పి కుడి చెవికి పెట్టుకున్నాడు. చప్పుడే లేదు. గబగబా కొత్తది తీసి ఆమె తలకు తగిలించాడు, దూది తీసేయమన్నాడు. ఇంతటితో గండం గట్టెక్కుతుందనుకున్నాడు.

మునిలక్ష్మమ్మ ముఖం వెలిగిపోయింది. "చూడండప్పా, నా చెవి బాగు చేసినాడు!" అని అంగట్లో ఉన్నవాళ్లందరికీ చెప్పి, అతనికి రెండు చేతులా దండం పెట్టింది.

ఆ దండం చూసి మాదేశ్ సిగ్గుతో చచ్చిపోయాడు. పెద్దావిడ ఇన్ని రోజులూ తన చెవినే తప్పుపట్టుకుని నూనె పోసుకుంది. అదీ అతని మాట నమ్మి.

"దండం పెట్టొద్దమ్మా. నీ చెవి బాగానే ఉండాది. చెడింది ఆ హెడ్‌ఫోనే. నాకు ఎడమ చెవి వినపడదు. అబద్ధం చెప్పినాను."

స్టూలు మీద కూర్చున్న కుర్రాడు హెడ్‌ఫోన్ తీసి మెల్లగా బల్ల మీద పెట్టేశాడు.

మునిలక్ష్మమ్మ కొత్త హెడ్‌ఫోన్‌ను మెడలోకి జార్చుకుని అతని వైపు తిరిగింది. తిడితే బాగుండుననిపించింది అతనికి.

"డాక్టరుకు చూపిస్తివా?"

"లేదమ్మా. ఎవరికన్నా తెలుస్తుందని..."

"ఇప్పుడు తెలిసిపాయ కదా. లే. కృష్ణగిరి బస్సు నిలబడుండాది."

షట్టరు దించి ఆమె వెంట రోడ్డు దాటాడు. ఆమె అతని ఎడమ పక్కన నడుస్తూ ఏదో అడిగింది. ఇన్నేళ్లూ ఇలాంటప్పుడు నవ్వి తలూపేసేవాడు.

"వినపడలేదమ్మా," అన్నాడు తల వంచుకుని. "ఇంకోసారి చెప్పు."